రెయిలింగ్ లేని వంతెన

ఏరా అబ్బాయ్, ఆ ఫోను కాస్త బోర్లా పెట్టు. అటునుంచి మెసేజ్ వస్తే అదే మోగుతుంది. నువ్వు గుడ్లప్పగించి చూస్తే త్వరగా రాదు. నువ్వేంటమ్మా, ముసిముసిగా నవ్వుతున్నావు? ఇందాక వాడి ఫోనులోకి ఓరకంటితో తొంగిచూసింది నేను చూడలేదనుకున్నావా? మీ వయసులో అందరికీ ఒకటే జబ్బు. అవతలివాళ్ల మనసులో ఏముందో వాళ్లు చెప్పకముందే తెలిసిపోవాలి. కూర ఉడక్కుండానే మూత తీసే రకాలు. సరే, అలా మూత తీసి చూసినవాడి కథ ఒకటి చెబుతా, వినండి. ప్రేమకథే. పాటలు లేవు. లెక్కలున్నాయి గానీ భయపడకండి, నా బుర్రకే ఎక్కాయంటే మీ బుర్రలకి ఎక్కకపోవడమనేది ఉండదు.

వాణ్ని ఆఫీసులో అందరూ గాలోడు అనేవాళ్లు. మన ఇళ్లల్లో ఆ మాటకి పనీపాటా లేకుండా తిరిగేవాడని అర్థం. ఆ ఆఫీసులో మాత్రం అదే ఉద్యోగం. పొడుగాటి వంతెనలు కట్టేముందు గాలికి అవి ఎలా ఊగుతాయో కంప్యూటర్లో ముందే ఊగించి చూడటం వాడి పని. నది మీద గాలి మన ఫ్యాను గాలిలా తిన్నగా రాదు. తాగినోడి నడకలా వస్తుంది. ఒకడుగు ముందుకి, రెండడుగులు పక్కకి, ఉన్నట్టుండి ఒక తోపు, ఆ వెనకే ఒక సుడి. ఆ తోపుల్నీ సుడుల్నీ వాడు కంప్యూటర్లో పుట్టిస్తాడు. పుట్టించిన ప్రతిసారీ అదో కొత్త గాలి. ఆ గాలిని వంతెనకి తగిలించి ఎంత ఊగిందో చూస్తాడు. ఎంత ఇనుము పోసినా, పొడుగు పెరిగేకొద్దీ ఏ వంతెనైనా బట్టలారేసిన తాడే కదా మరి.

అదే ఆఫీసు కింది అంతస్తులో ఇంకో గాలి ఉండేది. అది నిజం గాలి. గది పొడవునా చెక్కతో చేసిన ఒక సొరంగం, ఒక చివర లారీ చక్రాలంతేసి ఫ్యాన్లు, మధ్యలో స్ప్రింగులకి వేలాడుతూ చిన్న వంతెన ముక్క. దాన్ని విండ్ టన్నెల్ అంటారు. దాన్ని చూసుకునేది ఒక అమ్మాయి. నెలజీతానికే పనిచేసేది గానీ దర్జా మాత్రం ఆ సొరంగం తన పుట్టింటివాళ్లు ఇచ్చినట్టు ఉండేది. పట్టకారుతో సన్నటి తీగలు వంచి, ఆ బుల్లి వంతెనకి బుల్లి రెయిలింగులు తనే అతికేది. ఆ పని చేసేటప్పుడు పలకరిస్తే తల ఎత్తేది కాదు. అందరూ ఆమెని టన్నెలమ్మ అనేవాళ్లు. ఎదురుగా కాదులెండి, అంత ధైర్యం ఎవరికుంది.

వాళ్లిద్దరి మొదటి పలకరింపు ఒక వాన రోజున, గొడుగు దగ్గర. గాలోడు కొత్తగా చేరాడు. తడిసిన గొడుగు ఎక్కడ ఆరబెట్టాలా అని చూస్తూ కిందికి దిగితే, గదిలో హాయిగా గాలి వీస్తోంది. ఆహా అనుకుని గొడుగు తెరిచి ఫ్యాన్లకి ఎదురుగా పెట్టి, వెనక్కి తిరిగాడో లేదో, అది లేచి పల్టీలు కొట్టుకుంటూ సొరంగంలోకి దూరి, లోపల కట్టిన వలలో చిక్కుకుని, రెండు స్ప్రింగుల్ని పీకిపెట్టింది.

ఆమె ఫ్యాన్లు ఆపింది. గొడుగు బయటికి తీసింది. ఊచలు వంగిపోయి అది చచ్చిన గబ్బిలంలా ఉంది.

"ఈ గొడుగు ఎవరిది?"

"నాదేనండి. ఆరుతుందనీ..."

"పై అంతస్తులో గాలి లెక్కలు కట్టడానికి వచ్చింది మీరేనా?"

"అవునండి."

"తెరిచిన గొడుగు ఫ్యాను ముందు పెడితే ఏమవుతుందో తెలియలేదు. వంతెన సంగతి మీరు చెబుతారా?"

గాలోడు ఆ గబ్బిలాన్ని చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. కానీ మెట్ల మలుపులో ఒక్కసారి వెనక్కి చూస్తే, ఆమె స్ప్రింగులు సర్దుతూ తనలో తను నవ్వుకుంటోంది. అంతే. వాడి పని అయిపోయింది. వంతెనైనా అంతేనట, పెద్ద తుఫానుకి తట్టుకుంటుంది గానీ, సరిగ్గా తన తీరుకి కుదిరిన చిన్న గాలికి దొరికిపోతుంది.

ఆ తరువాత వాడికి కింది అంతస్తులో పనులు పుట్టుకొచ్చాయి. స్క్రూడ్రైవర్ కావాలి. స్క్రూడ్రైవర్ ఇచ్చేయాలి. ఇచ్చింది సరైన స్క్రూడ్రైవరేనా అని కనుక్కోవాలి. ఆమె అన్నిటికీ పుల్లవిరుపుగానే జవాబు చెప్పేది గానీ, వాడు ఒకపూట రాకపోతే పైకి ఫోన్ చేసి, కంప్యూటర్లో గాలి ఆగిపోయిందా అని అడిగేది. ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది. ఇంట్లో వాడి అక్క ఇదంతా కనిపెట్టింది. బావకైతే పండగే. అన్నం దగ్గర కూర్చోగానే, ఏం బావమరిదీ, ఇవాళ గాలి ఎటు వీచింది అని మొదలుపెట్టేవాడు.

చివరికి ఒక సాయంత్రం, వాన తగ్గేదాకా ఇద్దరూ ఆఫీసు గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడు, గాలోడు అడగాల్సింది అడిగేశాడు. సగం మాటలు వానలో కొట్టుకుపోయాయి. మిగతా సగం ఆమెకి చాలు.

ఆమె చేయి చాపి వాన చినుకులు పట్టుకుంటూ చెప్పింది. "పెద్ద వంతెన పని వస్తోంది కదా. నీ గీతా నా గీతా కలిస్తే అప్పుడు మళ్లీ అడుగు."

"కలవకపోతే?"

"కలవకపోతే ఎందుకు కలవలేదో చెప్పు. అది బాగుంటే అప్పుడూ అడగొచ్చు."

మనవాడికి మొదటి సగమే చెవికెక్కింది. రెండో సగం వినేటప్పటికి వాడు మనసులో పెళ్లిబట్టలు కొంటున్నాడు.

ఇక్కడ ఆ ఆఫీసు పద్ధతి ఒకటి చెప్పాలి. ఒకే వంతెనకి పైన కంప్యూటర్లో లెక్క కడతారు, కింద టన్నెల్లో కొలుస్తారు. ఒకరిది ఒకరు చూడకూడదు. గాలి జోరు పెరిగేకొద్దీ వంతెన ఎంత ఊగుతుందో ఎవరి గీత వాళ్లు గీసి పెద్దసారుకి ఇస్తారు, పైవాళ్లది నీలం, టన్నెల్‌ది ఎరుపు. ఆయన మీటింగులో రెండూ ఒకదాని మీద ఒకటి తెర మీద వేస్తాడు. కలిస్తే లెక్కని నమ్ముతారు. కలవకపోతే ఎవరిది తప్పో వెతుకుతారు. చూసి రాస్తే ఇక వెతకడానికి ఏముంటుంది? అందుకే దాన్ని అక్కడ దొంగతనం కింద లెక్కేస్తారు. గాలోడి మీద అంతకుముందే ఒక గుసగుస ఉంది. వాడి గీతలు టన్నెల్ గీతలకి మరీ దగ్గరగా వస్తున్నాయని, స్క్రూడ్రైవర్ కోసమేనా అన్నిసార్లు దిగేదని. అది ఒట్టి పుకారే. అప్పటిదాకా వాడు ఒక్కసారి కూడా చూసి రాయలేదు.

పెద్ద వంతెన వచ్చింది. గాలోడు ఒళ్లు వంచి పనిచేశాడు. గాలి మీద గాలి పుట్టించి, అన్నిటినీ సరాసరి చూస్తే వాడికే గుండె జారింది. పెద్ద తుఫాను కూడా అక్కర్లేదు, మామూలు గాలికే వంతెన లేచి పడుతోంది. మళ్లీ చేశాడు. అదే వచ్చింది. ఇంట్లో బావతో అంటే, అంత ఊగేదాన్ని వంతెన అనరు నాయనా, ఉయ్యాల అంటారు, టోలు వసూలు చెయ్యకుండా జోల పాడించండి అని పొట్ట పట్టుకుని నవ్వాడు. బావ సరదాకే అన్నాడు. కానీ గాలోడికి ఆ నవ్వు టన్నెలమ్మ నవ్వులా వినిపించింది. ఎర్రగీత కింద, తన నీలంగీత ఆకాశంలో. గొడుగు ఆరబెట్టిన వెర్రివాడిగానే మళ్లీ తేలతాడు మీటింగులో, అందరి ముందూ.

భోజనాల వేళ మెల్లగా కిందికి దిగాడు. ఆ వేళప్పుడు ఎప్పుడూ తాళం ఉండే తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఫ్యాన్లు వాటంతటవే జోరు మార్చుకుంటూ తిరుగుతున్నాయి. మనిషి లేదు. అనుమానం రావాలి కదా? ఆశపడ్డవాడికి అనుమానం రాదు. అద్దంలోంచి చూశాడు. గాలి జోరు చూపించే ముల్లు బాగా పైకే ఉంది. బుల్లి వంతెన మాత్రం నిద్రపోతున్న పసిపిల్లాడి పొట్టలా మెల్లగా, తెలిసీ తెలియకుండా కదులుతోంది. హమ్మయ్య అనుకున్నాడు. ముల్లు జరిగినప్పుడల్లా ఫోనుతో వీడియో తీసుకున్నాడు. స్ప్రింగులు ఎంత సాగుతున్నాయో చూశాడు. వంతెన ముక్క వైపు మాత్రం నిదానించి చూడలేదు.

పైకి వచ్చి గీతని దించడం మొదలుపెట్టాడు. అది పెద్ద కష్టమేమీ కాదట. పుట్టించిన గాలుల్లో కొన్ని మొండివి ఉంటాయి, కొన్ని మెత్తవి. మెత్తవి ఏరుకుని మొండివి పారేశాడు. ఊగిన వంతెన దానంతటది చల్లబడే గుణం ఒకటుంటుంది, దాన్ని కాస్త పెంచాడు. ఇంకాస్త పెంచాడు. నీలంగీత దిగి దిగి, వీడియోలో చూసినచోట బుద్ధిగా పడుకుంది. మనసులో ఒక ముల్లు గుచ్చుకున్న మాట నిజమే. కానీ, టన్నెల్ అబద్ధం చెప్పదు కదా, నా లెక్కలోనే ఎక్కడో పొరపాటు ఉంటుంది, నేను సర్దుకున్నానంతే అని సర్దిచెప్పుకున్నాడు. తనది తప్పని ఎవరూ చెప్పకముందే తనే ఒప్పేసుకున్నాడు చూశారా, అదీ వాడి తెలివి.

మీటింగు రోజు పొద్దున్నే ఆమె మెట్ల దగ్గర ఎదురైంది. కొత్త చీర, జడలో పిన్నులు సరిగ్గా ఉన్నాయో లేదో అని చెయ్యి అక్కడికే పోతోంది. సాయంత్రం నాన్న వస్తున్నారు, నువ్వూ ఇంటికి రా అని చెప్పి, జవాబు వినకుండా దిగిపోయింది. గాలోడు అక్కకి ఫోన్ చేశాడు. అక్క ఇస్త్రీ పెట్టె వేడిచేసింది. బావ సెలవు పెట్టాడు.

మీటింగులో పెద్దసారు ముందు నీలంగీత వేశాడు. బుద్ధిమంతుడిలా నేలబారుగా పోయింది. ఆమె గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నీలంగీత చూసి ముఖం చిట్లించింది. తరువాత ఎర్రగీత వచ్చింది. మామూలు గాలి దగ్గరే లేచి, కొండెక్కినట్టు పైకి పోయింది. గాలోడు కుర్చీలో బిగుసుకుపోయాడు. ఆ కొండ వాడికి తెలుసు. వాడు మొదట లెక్క కట్టి, నమ్మలేక చెరిపేసుకున్న గీత అదే. వంపు వంపూ అదే.

పెద్దసారు కళ్లజోడు సర్దుకున్నాడు. "నీ కంప్యూటర్లో వంతెనకి రెయిలింగులు ఉన్నాయా?"

"ఉన్నాయండి."

ఆయన మూడో గీత వేశాడు, ఆకుపచ్చది. అది నీలంగీత మీద పడింది. మధ్యలో సూది దూరే సందు లేదు. గదిలో ఎవరో దగ్గారు.

ఆకుపచ్చది రెయిలింగులు పీకేసిన మోడల్ కొలత అని ఆయన నింపాదిగా చెప్పాడు. రెయిలింగు ఉంటే గాలి దానికి తగిలి చీలి సుడులు లేస్తాయి, వంతెన ఊగుతుంది. తీసేస్తే గాలి జారిపోతుంది, వంతెన నిద్రపోతుంది. అలాంటి మోడల్ టన్నెల్లో నడిచింది ఒకేఒక్క మధ్యాహ్నం, భోజనాల వేళ. రెయిలింగులు పెట్టి లెక్క కట్టినవాడికి రెయిలింగు లేని వంతెన గీత ఎలా వచ్చింది? ఈ నీలంగీత నమ్మి కట్టేస్తే, రేపు ఆ వంతెన మీద పిల్లాపాపలతో నడిచేవాళ్ల గతేంటి?

గాలోడు తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమె ముఖం చూసేవాడు. అందరూ లేచేటప్పుడు చూశాడు గానీ, అప్పటికి ఆ ముఖం తలుపు వేసేసిన ఇల్లు.

వరండాలో ఆమె వెనకే పరుగెత్తాడు.

"మొదట నాకు వచ్చింది నీ ఎర్రగీతే. ఒట్టు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"అది తెర మీద పడ్డప్పుడు నీ ముఖం చూశాను." ఆమె గొంతు పెంచలేదు. "సరైంది చేతిలో పెట్టుకుని పారేశావు. ఎందుకు?"

"నువ్వు నవ్వుతావని. కలిస్తేనే అడగమన్నావు కదా."

"కలవకపోతే ఎందుకో చెప్పమన్నాను కూడా. ఎందుకో నీ దగ్గర ఉంది. వచ్చి నా ముందు నిలబడి, మీ టన్నెల్ తప్పు అని ఒక్కమాట అనలేకపోయావు."

గాలోడికి అవమానం కోపమైంది. మగాళ్లకి అది మారేందుకు ఎంతోసేపు పట్టదు. "రెయిలింగులు తీసింది నువ్వేనా?"

"నేనే."

"తలుపు తీసిపెట్టింది?"

"నేనే."

"ఎలుకకి బోను పెట్టినట్టు పెట్టావన్నమాట. ఇన్నాళ్లూ నవ్వింది, మాట్లాడింది, అంతా ఇందుకే."

ఆమె చీర కొంగు భుజం మీద సర్దుకుంది.

"మీ నాన్నకి ఏం చెబుతావ్?" అన్నాడు, వెటకారంగానే.

"నీకు పని తగిలిందని చెబుతాను. ఈ పూటకి."

అంతే. మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గాలోడి ఇంట్లో ఇస్త్రీ చొక్కా కుర్చీ మీదే ఉండిపోయింది. జరిగింది వాడు చెప్పాడు, తనకి కావాల్సినట్టు చెప్పాడు. ప్రేమ నటించి, వల పన్ని, అందరి ముందూ పట్టించిందని. అక్క మెటికలు విరిచి శాపనార్థాలు పెట్టింది. బావ మొదటిసారి జోకు వెయ్యలేదు. మోసపోయినవాడికి ఒక సుఖం ఉంటుంది నాయనా. ఇంట్లో వేడన్నం పెడతారు, వీపు నిమురుతారు. తప్పు చేసినవాడికి ఆ సుఖం లేదు. అందుకే గాలోడు ఆ సుఖాన్నే గట్టిగా పట్టుకున్నాడు. కొన్నాళ్లకి అది వాడికే నిజమైపోయింది.

పెద్దసారు వాణ్ని ఉద్యోగంలోంచి తియ్యలేదు. పెద్ద వంతెన మీంచి తీసి, పాత లెక్కలు సరిచూసే పనిలో కూర్చోబెట్టాడు. మొదట కట్టిన లెక్క వెతికి ఇమ్మంటే ఇచ్చాడు, అది సరిపోయింది. వంతెన అంచులకి గాలి జారిపోయే రేకులు తొడగాలని తేలింది. అంటే వాడి లెక్కే పనికొచ్చింది, వాడే పనికిరాలేదు. టన్నెలమ్మ మాత్రం ఆఫీసు మానేసింది. ఎక్కడికో దూరం వెళ్లిందన్నారు. కింద ఇంకెవరో కుర్చీ వేసుకుని కూర్చున్నారు, రెయిలింగులు వంకరగా అతికేవాళ్లు.

ఒకరోజు పాత లెక్కల మీద సంతకం కోసం గాలోడు పెద్దసారు గదికి వెళ్లాడు. పని అయినా కదల్లేదు. కడుపులో ఉన్నది ఆగలేదు.

"మీరూ ఆమే కలిసి భలే వల వేశారండి."

పెద్దసారు కలం మూత పెట్టాడు. వాణ్ని కూర్చోమన్నాడు. ఆయన మాటలు పొదుపుగా వాడే మనిషి, ఆ రోజు మాత్రం కాస్త ఖర్చుపెట్టాడు. పుకారు తన చెవిన పడిందట. గాలోడు చూసి రాస్తాడు, పెద్ద వంతెన వాడికి ఇవ్వను అన్నాడట. ఆ మాటకి టన్నెలమ్మ ఆయన మీదికి పులిలా లేచిందట.

"వల ఏమిటి నాయనా. నేను వద్దన్నాను. ఆమే పట్టుబట్టింది. రెయిలింగులు పీకేస్తాను, తలుపు తీసేస్తాను, ఫ్యాన్లు వేసి వెళ్లిపోతాను, వాడు తొంగి కూడా చూడడు, కావాలంటే చూడండి అంది. వస్తే టన్నెల్ తాళాలు మీకిచ్చేస్తానంది. మీటింగు అయ్యాక ఇదిగో ఈ బల్ల మీద పెట్టేసి వెళ్లింది. నేను ఎంత చెప్పినా తీసుకోలేదు."

గాలోడు ఆ బల్ల వైపే చూశాడు. "మరి ఆ ఆకుపచ్చ గీత..."

"అది వెయ్యమన్నదీ ఆమే. నీ గీత దానికి దూరంగా ఉంటుందని, అందరి నోళ్లూ మూతపడతాయని. ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో నా ఎదురుగానే కూర్చుంది. నీకూ కలిపి రెండు టీలు చెప్పింది. నువ్వు రాలేదు. రెండోది చల్లారిపోయింది. ఏమ్మా, మీవాడు ఎక్కడా అని నవ్వాను." పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "లెక్కల్లో పడి అన్నం మర్చిపోయుంటాడు సార్, అంది."